రెండో బిగింపు

మా పేట కతలెహోంగ్‌లో, మా వీధి మలుపు దగ్గర పసుపు రంగు పూసిన ఇనుప కంటైనరు ఒకటి ఉంది, ఓడల్లో సరుకు వేసుకొచ్చే రకం. కార్లకు కొత్త చక్రాలు బిగించే కొట్టు అది. భెకాని, దుదుజీలె అనే మొగుడూ పెళ్ళాలు దాన్ని నడిపేవాళ్ళు. నా కోటా బండి ఆ కంటైనరు గోడను ఆనుకునే ఉంటుంది. పావు రొట్టెను తొలిచి, అందులో వేయించిన బంగాళాదుంప ముక్కలు, సాసేజీ, పైన నా చేతి మామిడి అచ్చార్ కుక్కి ఇస్తాను, అదే కోటా. అది తినకుండా పెరిగిన కుర్రాడు మా వీధిలో లేడు. నలేది తల్లిని కాబట్టి అందరూ నన్ను మ్మానలేది అంటారు, అసలు పేరు నాకే సరిగా గుర్తు లేదు. ఆ కొట్టులో పని ఎవరు చేశారో, పేరు ఎవరు కొట్టేశారో పక్కనే ఉండి చూసినదాన్ని. ఇప్పుడు ఊళ్ళో ఎవరి నోటికొచ్చినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండి, చూసింది చూసినట్టు చెప్పడానికి కూర్చున్నాను.

బోర్డు మీద భెకాని పేరే ఉండేది. మంచివాడు, నవ్వుమొహం, మాటకారి. కారు కొనే ఉద్దేశం కూడా లేనివాడికి చక్రాలు అమ్మగలడు. కానీ స్పానరు పట్టుకున్నది మొదటి నుంచీ దుదు. అతను బయట స్టూలు మీద కూర్చుని బేరమాడుతుంటే ఆమె కారు కింద పడుకుని ఉండేది. బయటికి కనిపించేవి రెండు కాళ్ళూ, వినిపించేది ఒక తిట్టూ. వచ్చినవాళ్ళు "బూటీ భెకానీ, నీ పని అద్భుతం" అనేవారు. మా దగ్గర అన్నను బూటీ అనీ, అక్కను సిస్ అనీ పిలుస్తారు. అతను సిగ్గు లేకుండా "ఏదో, దేవుడి దయ" అనేవాడు. కారు కింద నుంచి దుదు "దేవుడా, కాస్త ఆ జాకీ అందిస్తావా?" అనేది. వాళ్ళ కాపురం అలా ఉండేది.

మా కుర్రాళ్ళకు ఆ పాత చదరపు బీఎండబ్ల్యూ అంటే ప్రాణం. దాన్ని మేం గుషేషే అంటాం. ఆదివారం మధ్యాహ్నం మైదానంలో టైర్లు పొగలు కక్కేలా దాన్ని గిరగిరా తిప్పడం ఇక్కడి ఆట, ఇక్కడి పిచ్చి. దానికి కంపెనీ ఇచ్చిన చక్రాలు సన్నగా లోపలికి ముడుచుకుని ఉంటాయి. వెడల్పాటి అల్లాయ్ చక్రాలు తెచ్చి పెడితే లోపలివైపు రుద్దుకుంటాయి. అందుకని చక్రం తగిలించే హబ్బుకూ, చక్రానికీ మధ్య రొట్టె ముక్కంత మందాన అల్యూమినియం బిళ్ళ పెట్టి చక్రాన్ని బయటికి నెడతారు. ఆ బిళ్ళే స్పేసర్. బిళ్ళ ఎంత మందమో బోల్టు అంత ఎక్కువ పొడుగు ఉండాలి. అది చాలామందికి తెలుసు. తెలిసీ బద్ధకించేది ఇంకొకటుంది. బిళ్ళ, చక్రం, హబ్బు మూడూ ఒకదాని మీద ఒకటి కుదురుకుంటాయి కాబట్టి, కాస్త నడిచాక బోల్టులు వదులవుతాయి. కారును వెనక్కి తెచ్చి మళ్ళీ బిగించుకోవాలి. దుదు దాన్ని రెండో బిగింపు అనేది. దానికి పైసా తీసుకునేది కాదు గానీ, రాకపోతే మాత్రం వదిలిపెట్టేది కాదు.

ఒకసారి ఒక పెళ్ళికొడుకును చర్చి మెట్ల మీదే పట్టుకుంది. సూటు వేసుకుని, జేబులో పువ్వు పెట్టుకుని దిగుతున్నాడు పాపం.

"ప్రమాణాలు చెయ్యడం అయిపోయిందా?" అంది దుదు.

"అయిపోయింది, సిస్ దుదు."

"నాకు చేసిన ప్రమాణం సంగతేంటి? బుధవారం తెస్తానన్నావు కారు. పెళ్ళికూతుర్ని మూడు చక్రాల మీద ఊరేగిస్తావా?"

పెళ్ళికూతురు పక్కున నవ్వింది. పెళ్ళికొడుకు చర్చి ముందే కారు పక్కన నిలబడి, గౌను అంచు మట్టికాకుండా ఎత్తి పట్టుకున్నాడు. దుదు మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు చక్రాలూ బిగించింది. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళింట్లో గోడ మీద ఉందట.

అలాంటి మనిషికి మొగుడు పోయాడు. భెకాని మూత్రపిండాలు చెడిపోయి, ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి, చలికాలం మొదట్లో వెళ్ళిపోయాడు. ఖననం అయ్యేదాకా దుదు ఆనవాయితీ ప్రకారం గదిలో నేల మీద పరుపు మీద కూర్చుంది. ఆ తర్వాత నల్లబట్ట కట్టారు. నల్ల గౌను, నల్ల తలగుడ్డ, భుజాల మీద నల్ల శాలువా, ఏడాది పాటు. ఆమె ఎదురు చెప్పలేదు. ఆమె ఏడుపు నేను విన్నాను, అది ఆనవాయితీ ఏడుపు కాదు.

కానీ నల్లబట్టతో పాటు ఇంకా చాలా కడతారు మనిషికి. నల్లబట్ట ఆడదాని చేతిని ఎవరూ పట్టుకోరు. ట్యాక్సీలో వెనక మూల సీటు. ఏదైనా ఇవ్వాలంటే చేతికి ఇవ్వరు, పక్కన పెడితే తీసుకోవాలి. ఆమె మీద చీకటి ఉంటుందని, తగిలితే అంటుకుంటుందని మావాళ్ళ నమ్మకం. నేను మాత్రం కోటాను ఆమె చేతికే ఇచ్చాను. నాకేదో ధైర్యం ఎక్కువని కాదు. నా చేత్తో చేసిన తిండిని ఆయిల్ డ్రమ్ము మీద పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఖననం అయిన మరుసటి సోమవారమే దుదు కంటైనరు తెరిచింది. నల్ల గౌను మీద భెకాని పాత నీలం కోటు తొడుక్కుని, స్టూలు మీద కూర్చుంది. జనం దూరం నుంచే దండం పెట్టి రోడ్డుకు అటువైపు నుంచి వెళ్ళిపోయారు. ఆ రోజు నీలం గుషేషే ఒకటి మలుపు తిరిగి వస్తే దుదు లేచి చెయ్యి అడ్డం పెట్టింది. అది మొలేఫి కారు. వాడు మా మైదానంలో కారు తిప్పడంలో పేరున్న స్పిన్నరు, చూడ్డానికి బాగుంటాడు, ఆ సంగతి వాడికి మరీ బాగా తెలుసు. భెకాని ఆఖరిసారి ఆసుపత్రిలో చేరే ముందు వాడి కారుకు కొత్త చక్రాలు, స్పేసర్లు బిగించింది దుదుయే.

"మొలేఫీ, ఆపు. రెండో బిగింపు కాలేదు నీది."

వాడు అద్దం సగం దించాడు. "అయ్యో సిస్ దుదు, ఇప్పుడెందుకులే. నువ్వు దుఃఖంలో ఉన్నావు."

"దుఃఖంలో ఉన్నాను, చేతులు పడిపోలేదు. కారు పక్కన పెట్టు."

"నల్లబట్ట తీశాక వస్తాలే."

"ఏడాదికా? అప్పటిదాకా నీ చక్రం ఆగుతుందనుకుంటున్నావా?"

"అదికాదు, సిస్ దుదు..." వాడు నా వైపు చూశాడు, నేనేదో ఆదుకుంటానన్నట్టు. నేను బంగాళాదుంపలు తిప్పుతూ ఉండిపోయాను. "తప్పుగా అనుకోకు. ఆదివారం పెద్ద పోటీ ఉంది. ఇప్పుడు నీ చెయ్యి తగిలితే... నీకు తెలుసు కదా."

"నాకు తెలీదు. చెప్పు."

"చీకటి పడుతుంది కారుకి."

"చీకటి పడితే లైట్లు వేసుకో" అంది దుదు. "బోల్టు వదులైతే ఏం వేసుకుంటావు?"

వాడు అద్దం ఎక్కించుకుని పోయాడు. పోనీ, ఇంకెవరి దగ్గరైనా బిగించుకున్నాడా అంటే అదీ లేదు. దుదు బిగించిన చక్రాన్ని ఇంకొకడు ముట్టుకోవడం అవమానమని ఇక్కడి కుర్రాళ్ళ లెక్క. దుదు చెయ్యి పనికిరాదు, ఇంకో చెయ్యి అక్కర్లేదు. ఇంత తెలివి మావాళ్ళకు తప్ప ప్రపంచంలో ఎవరికీ ఉండదు.

ఆదివారం నేనూ మైదానానికి వెళ్ళాను. అక్కడ నా బండికి గిరాకీ బాగుంటుంది. మొలేఫి తన నీలం కారును మధ్యలోకి దించి తిప్పడం మొదలుపెట్టాడు. జనం ఈలలు, అరుపులు, తెల్లటి పొగ. ఒక కాలు బయట పెట్టి, తల బయటికి వంచి, సగం ఒళ్ళు కిటికీలో పెట్టి వాడు చూపించే విన్యాసాలు నేను కాదనను. అంతలో టక్‌మని ఒక చప్పుడు. కారు వెనక భాగం ఒక్కసారిగా నేలకు కూలబడింది. వెనక చక్రం ఒకటి పొగలోంచి దొర్లుకుంటూ బయటికొచ్చింది. జనం చీలిపోయారు. అది ఎవరినీ ఏమీ చెయ్యలేదు. తిన్నగా నా బండి దగ్గరికొచ్చి నా అచ్చార్ బకెట్టును గుద్దింది.

రెండు రోజులు ఎండబెట్టి, కారం పట్టించి, నూనె పోసి ఊరబెట్టిన అచ్చార్. మొత్తం దుమ్ములో. నేను గరిటె పట్టుకుని మైదానంలోకి దిగాను.

"ఎవడ్రా! ఎవడిది ఈ చక్రం? వచ్చి నా అచ్చార్ ఎత్తు!"

మొలేఫి కారులోంచి దిగాడు. మొహంలో రక్తం లేదు. బోల్టు ఒక్కటీ హబ్బులో లేదు. వాడి మడ్‌గార్డు నలిగిపోయింది. అప్పుడైనా తప్పు నాదే అనొచ్చు కదా? చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూశాడు, వాడికి వేరే దారి దొరికింది.

"ఇది బిగించింది దుదు. బిగించిన వారానికే మొగుడు పోయాడు. అప్పుడే అంటుకుంది నా కారుకి. నేను చెప్పలా?"

ఆ మాట జనంలో అటూ ఇటూ పాకింది. నేను ఎంత అరిచినా ఎవరు వింటారు? సాయంత్రానికి అది మా వీధికి చేరింది. మరుసటి వారం కంటైనరు ముందు ఒక్క కారూ ఆగలేదు. రెండో వారం, స్పేసర్లు తెప్పించి పెట్టమని ఎప్పుడో చెప్పినవాడు కూడా వద్దని కబురు పంపాడు. దుదు పొద్దున్నే తెరిచేది, చక్రాలు తుడిచేది, స్టూలు మీద కూర్చునేది. మధ్యాహ్నం నా దగ్గర కోటా తినేది. ఒకరోజు సగం తిని పక్కన పెట్టింది.

"మ్మానలేది, నాకు పని లేకపోతే తిండి దిగట్లేదు. మొగుడు పోతే దిగింది గానీ ఇది దిగట్లేదు. నేను పాపిష్టిదాన్నంటావా?"

"నువ్వు తిను ముందు. పాపం సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. ఇంకేం అనాలో నాకు తోచలేదు.

ఆ శనివారం అత్తగారింట్లో పంచాయితీ పెట్టారు. మాఖుమాలో అనే భెకాని తల్లి, తమ్ముడు లుంగాని, చర్చి పాస్టరు. టీ కాచే నెపంతో నేనూ చేరాను. మాఖుమాలో పెద్దావిడ, గట్టి మనిషి, నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. లుంగానికి ఆ కంటైనరు మీద ఎప్పటినుంచో కన్ను. అందులో బీరు సీసాలు పెట్టి అమ్ముకుంటే కాలు కదపకుండా బతకొచ్చని వాడి ఆలోచన. వాడికి స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు.

"వదినా, నీ మంచికే చెప్తున్నా" అన్నాడు లుంగాని. మంచికే అని మొదలుపెట్టినవాణ్ని నేను ఎన్నడూ నమ్మను. "కొట్టు తాళాలు నాకివ్వు. ఏడాది నేను చూసుకుంటా. నల్లబట్ట తీశాక మాట్లాడుకుందాం."

"ఏడాది తర్వాత నా చక్రాలు ఎక్కడుంటాయి లుంగానీ? నీ బీరు సీసాల కిందా?"

"చూశావా అమ్మా, ఎలా మాట్లాడుతుందో!"

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, గొడవ ముగిస్తే ఇంటికెళ్ళొచ్చు కదా అని చూసే మనిషి. "దుదుజీలె, ఇంకో మార్గం ఉందమ్మా. ప్రార్థన చేసి, స్నానం చేయించి, నల్లబట్ట ముందే తీసేయొచ్చు. ఈ రోజుల్లో చాలామంది చేస్తున్నారు. దేవుడు అర్థం చేసుకుంటాడు. బట్ట తీసేస్తే జనం వస్తారు, కొట్టు నీకే ఉంటుంది."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకూ బాగానే అనిపించింది, అబద్ధం ఎందుకు. దుదు లేచి నిలబడింది.

"బట్ట తీసేస్తే చెయ్యి మంచిదైపోతుందా పాస్టరుగారూ? బట్ట ఉంటే చెడ్డదా? చెయ్యి అదే కదా?"

పాస్టరు టీ కప్పు అందుకున్నాడు.

"ఈ నల్లబట్ట భెకానిది. ఆయన పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకుని, నాకోసం ఏడాది కట్టుకుంటావు కదూ అని అడిగాడు. సరదాగా అడిగాడు, నల్లరంగులో నువ్వు బాగుంటావని. నేను సరేనన్నాను. ఒక్క రోజు తగ్గించి తియ్యను. ఈ స్పానరు నాది. ఒక్క రోజు కూడా దించను. బట్టా ఉంటుంది, పనీ ఉంటుంది. రెంట్లో ఏదో ఒకటి ఎంచుకోమని నన్ను ఎవరూ అడగొద్దు."

"జనం రాకపోతే?" అన్నాడు లుంగాని, పళ్ళు బయటపెట్టి.

"రేపు ఆదివారం మైదానంలో చెప్తా."

మాఖుమాలో కర్రతో నేల మీద కొట్టింది. కోడల్ని మకోటీ అనే పిలుస్తుంది ఆవిడ, అలాగే పిలిచి అంది, "మకోటీ, నువ్వు ఆ బట్టతో మైదానంలో అడుగు పెడితే ఈ ఇంటి కోడలివి కావు."

దుదు కళ్ళు నిండాయి. "అమ్మా, నేను కోడలిగానే వెళ్తాను. మీరేమనుకున్నా సరే" అని వెళ్ళిపోయింది. 

ఆదివారం మైదానం నిండిపోయింది. కబురు ముందే పాకింది కదా. భెకాని ఎర్ర గుషేషే మెల్లగా లోపలికొచ్చింది. దానికి ఇంకా పాత ఇనుప చక్రాలే ఉన్నాయి. మంచానపడక ముందు అతను ముచ్చటపడి కొనుక్కున్న వెడల్పు అల్లాయ్ చక్రాలు రెండు డిక్కీలో, రెండు వెనక సీట్లో ఉన్నాయి. నడుపుతున్నది దుదు. నల్ల గౌను, నల్ల తలగుడ్డ, నల్ల శాలువా. మైదానం మధ్యలో ఆపి దిగింది. దగ్గరున్నవాళ్ళు వెనక్కి జరిగారు, నీళ్ళు చిమ్మితే జరిగినట్టు.

మొలేఫి తన స్నేహితులతో ఒక పక్క నిలబడి ఉన్నాడు. "సిస్ దుదు, ఇది ఆటస్థలం, శ్మశానం కాదు" అని అరిచాడు. కొందరు నవ్వారు.

"తెలుసు నాన్నా" అంది దుదు. "నీ చక్రం ఇక్కడే కదా చచ్చింది."

ఈసారి ఎక్కువమంది నవ్వారు. నేనూ గట్టిగా నవ్వాను, నా అచ్చార్ గుర్తుచేసుకుని.

ఆమె కారును జాకీ మీద ఎక్కించింది. శాలువాను వీపు వెనక్కి ముడివేసుకుంది, మేం పిల్లల్ని కట్టుకున్నట్టు. పాత చక్రం విప్పి, తీగల బ్రష్షుతో హబ్బు మొహం మీది తుప్పు గీకింది. స్పేసర్‌ను రెండు చేతులతో పట్టుకుని హబ్బు మీదికి నెట్టి, అది ఊగట్లేదని తట్టి చూసింది. చక్రం ఎక్కించింది. పొడుగు బోల్టులు ముందు వేళ్ళతో తిప్పి, తర్వాత స్పానరుతో, ఎదురెదురుగా ఒకటి మార్చి ఒకటి బిగించింది. ఆఖరికి, బోల్టు చాలినంత బిగిస్తే టిక్కుమనే పొడుగు స్పానరు తీసింది.  ఒక్కో బోల్టుకు టిక్, టిక్ అని వినిపించింది. నాలుగు చక్రాలకూ అలాగే. తొందరపడలేదు. గౌను మోకాళ్ళ దగ్గర దుమ్ముకొట్టుకుపోయింది.

అప్పుడు కారెక్కి, మైదానం చుట్టూ నెమ్మదిగా నడపడం మొదలుపెట్టింది. తిప్పలేదు, పొగ లేదు. ముసలివాళ్ళను చర్చికి తీసుకెళ్ళినట్టు నడిపింది. ఒక చుట్టు, రెండు చుట్లు, ఇంకా, ఇంకా. గుంటల మీదుగా, రాళ్ళ మీదుగా. కుర్రాళ్ళు విసుక్కున్నారు. "ఇదేనా చూపిస్తానన్నది?" అని ఒకడు ఈల వేశాడు. ఆమె తిరిగి మధ్యకు వచ్చి ఆపి, దిగింది.

"మొలేఫీ, ఇటు రా."

వాడు కదల్లేదు.

"రారా. నీ చెయ్యి పట్టుకోనులే, భయపడకు. స్పానరు నువ్వే పట్టుకో."

అందరూ చూస్తుంటే వాడు రాక తప్పలేదు. ఆమె స్పానరు బోల్టుకు తగిలించి పక్కకు జరిగింది. "బిగించు" అంది. వాడు నొక్కాడు. స్పానరు కదిలింది. వాడి చేతి కింద, అందరి కళ్ళ ముందు, టిక్కుమనే ముందు బాగానే కదిలింది. వాడు తలెత్తి ఆమెను చూశాడు.

"తర్వాతది" అంది దుదు.

అదీ కదిలింది.

"ఇందాక గట్టిగా బిగించానా లేదా? టిక్కుమని విన్నావా?"

"విన్నాను."

"మరి ఇప్పుడెందుకు కదిలింది? నా మొగుడి దయ్యం వచ్చి వదులు చేసిందా?"

"బిళ్ళ కుదురుకుంది" అన్నాడు మొలేఫి, నేల చూస్తూ.

"గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకు వినపడాలి."

"బిళ్ళ కుదురుకుంది, సిస్ దుదు!"

"రెండో బిగింపుకు రమ్మని రోడ్డు మీద ఆపి అడిగానా నిన్ను?"

"అడిగావు."

"నీ కారుకు పట్టిన చీకటి అదేరా. నల్లబట్ట కాదు. నల్లబట్టను చూసి నువ్వు పారిపోయిన పరుగు!" ఆమె గొంతు పగిలింది. కోపమో, ఏడుపో, రెండూనో. "నా భెకాని పేరు మీద మచ్చ వేశావు. అతను చచ్చిపోయి కూడా నీ చక్రం ఊడగొట్టాడన్నావు. అతను బతికున్నప్పుడే ఒక్క బోల్టూ ముట్టుకోలేదురా!"

మైదానం ఘొల్లున నవ్వింది. ఆమె కూడా ఏడుస్తూనే నవ్వింది. స్పానరు లాక్కుని మిగతా బోల్టులన్నీ తనే బిగించింది, అన్నీ టిక్కుమనేదాకా.

సరిగ్గా అప్పుడు లుంగాని తల్లిని వెంటబెట్టుకుని జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. "చూడమ్మా, చూడు, మన పరువు! దింపు దాన్ని కారులోంచి!" దుదు అప్పటికే స్టీరింగు ముందు కూర్చుంది. మాఖుమాలో చర్చి టోపీ పెట్టుకుని, సంచీ చంకలో ఇరికించుకుని, కర్ర ఊనుకుంటూ కారు దాకా నడిచింది. ఇక గౌను పట్టుకుని బయటికి ఈడుస్తుందనే అనుకున్నాను. నేను గరిటెతో సహా ముందుకు పరుగెత్తాను.

ఆవిడ కారుకు అటువైపు వెళ్ళి రెండో తలుపు తట్టింది. "తెరువు, మకోటీ."

దుదు తెరిచింది. ఆవిడ టోపీ సర్దుకుని లోపల కూర్చుంది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడు లుంగాని.

"కూర్చుంటున్నా. నీకు కళ్ళు లేవా?" ఆవిడ వాడి వైపు తిరిగింది. "మీ నాన్న పోయినప్పుడు నువ్వు నా వీపు మీద ఉన్నావు. మన వీధిలోనే మగ్విన్యా వేయించి అమ్మేదాన్ని. నల్లబట్టలో ఉన్నానని ఏడాది పాటు ఒక్కరూ కొనలేదు. పొద్దున్నే పిండి ఉండలు వేయించేదాన్ని, సాయంత్రం కుక్కలకు పారబోసేదాన్ని. మానేస్తే చీకటి ఉందని ఒప్పుకున్నట్టవుతుందని రోజూ వేయించాను. కానీ నోరెత్తి ఒక్క మాట అడగలేదు. అడగాలని తెలీదు నాకు." ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "రాత్రంతా నిద్రపోలేదు. కోడలు అడిగింది కదా, చెయ్యి అదే కదా అని. మకోటీ, నడుపు. నెమ్మదిగా కాదు."

"అమ్మా, గట్టిగా పట్టుకోండి."

"నేను పట్టుకునేదేదో పట్టుకుంటా. నువ్వు తిప్పు."

భెకానికి కారు తిప్పడం నేర్పింది దుదుయే. అది నాకూ ఈ కంటైనరు గోడకూ మాత్రమే తెలుసు. ఆ రోజు ఊరంతటికీ తెలిసింది. ఎర్ర గుషేషే ఒక్కసారి గర్జించి తిరిగింది. నల్ల తలగుడ్డ, దాని పక్కన తెల్ల చర్చి టోపీ, గిరగిరా గిరగిరా, పొగలో కనిపిస్తూ మాయమవుతూ. మాఖుమాలో అరుపు ఇంజను కంటే పైన వినిపించింది. భయపడి అనుకున్నాను ముందు. కాదు, తిడుతోంది. ఎప్పుడో చచ్చిపోయిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళ పేర్లు పెట్టి, తన మగ్విన్యా కొనని ఒక్కొక్కరినీ వరసగా తిడుతోంది. కారు ఆగినప్పుడు ఆవిడ టోపీ వెనక సీట్లో ఉంది, ఆవిడ నవ్వుతోంది. ఆవిడకు ముందు పళ్ళు రెండు లేవని నాకు అప్పుడే తెలిసింది.

దుదు దిగి, ఒక్కో చక్రాన్నీ బూటుతో తన్ని చూసింది. నాలుగూ గట్టిగా నిలబడ్డాయి.

సోమవారం పొద్దున నేను నూనె వేడి చేస్తుంటే మొలేఫి నీలం గుషేషే వచ్చి కంటైనరు ముందు ఆగింది. వెనక ఇంకో రెండు కార్లు ఉన్నాయి, ముందు వీడి గతి ఏమవుతుందో చూద్దామన్నట్టు కాస్త దూరంగా. మొలేఫి దిగాడు. ఒక చేతిలో మూత పెట్టిన బకెట్టు. దాన్ని నా బండి మీద పెట్టాడు. వాళ్ళ అమ్మ పెట్టిన అచ్చార్ అట. రుచి చూశాను, ఉప్పు ఎక్కువైంది. అయినా తీసుకున్నాను.

తర్వాత కంటైనరు దగ్గరికి వెళ్ళి, కారు తాళాలు ఆయిల్ డ్రమ్ము మీద పెట్టాడు.

దుదు చక్రం తుడుస్తోంది. తలెత్తలేదు. "మ్మానలేది, నా డ్రమ్ము మీద ఎవరో ఇనప ముక్కలు పారేసుకున్నట్టున్నారు. పాత సామాన్లవాణ్ని పిలువు."

"నావే, సిస్ దుదు. కారు తాళాలు" అన్నాడు మొలేఫి.

"అలాగా. నాకు చేతుల్లేవా?"

ఆమె గుడ్డ పక్కన పడేసి, రెండు అరచేతులూ దోసిలి పట్టి చాచింది. నల్ల గౌను చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. వెనక కార్లలోవాళ్ళు మెడలు సాచారు. మొలేఫి తాళాలు తీసుకున్నాడు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. పెద్దవాళ్ళకు ఇచ్చినట్టు ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకుని, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. వాడు వెనక్కి జరగబోతే ఆమె వాడి చెయ్యి పట్టేసుకుంది. వదల్లేదు. వాడూ లాక్కోలేదు.

"చీకటి పడిందా?" అంది.

"లేదు, సిస్ దుదు."

"అయితే వెళ్ళి జాకీ తే."